కొండ కింద ముఖం

అమ్మ కాసులపేరు కొక్కెం విరిగితే బాగు చేయించడానికి కొనకనమిట్ల వెళ్లాను. ఆచారి గారి కొట్టు బస్సులు ఆగే చోటికి దగ్గరే. కుంపటి, దాగలి, గోడకి ఆనించి ఒక మార్కాపురం పలక. డెబ్బై దాటిన మనిషి, తూకాలూ బాకీలూ ఇప్పటికీ ఆ పలక మీదే బలపంతో రాసుకుంటారు. నాకు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పిన సారు మార్కాపురం బస్సు కోసం వచ్చి అక్కడే కూర్చున్నారు. కాసులు చూడగానే ఆయనకి ఏదో గుర్తొచ్చి ఫోన్ తీశారు. ఒక వెండి నాణెం ఫొటో పెద్దది చేసి ఆచారి గారి ముందు పెట్టారు. అక్కడ మొదలైన వాదన నేను ఎక్కవలసిన రెండు బస్సులు పోయేదాకా తెగలేదు. నాకు గుర్తున్నంతలో ఇక్కడ రాస్తున్నాను.

సారు: ఇది ఎట్టా చేశారో చెప్పండి ఆచారి గారూ. మీ చేతి పనే గదా ఇది.

ఆచారి: ఒక అచ్చు కాదు సారూ, దీని మీద రెండు అచ్చులు పడ్డాయి. పైన మూడు గుట్టలు పేర్చినట్టు కొండ, దాని కింద నీటి గీత. కొండ పక్కన ఇదిగో, ఎవరిదో ముక్కు. ఇక్కడ జుట్టు. మనిషి ముఖం మీద కొండ కొట్టారు.

సారు: ఆ ముఖం నహపానుడిది. నాసిక్ ప్రాంతం ఏలిన క్షహరాత వంశం క్షత్రపుడు. కొండ శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణిది. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో ఒక్కచోట 13,250 వెండి నాణేలు దొరికాయి. అన్నీ నహపానుడివే. వాటిలో 9,270 నాణేల మీద శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. ఒక పక్క కొండ, చుట్టూ తన పేరు. రెండో పక్క కూడలి లాంటి గుర్తు, నాలుగు చివరలా నాలుగు సున్నాలు. దాన్ని ఉజ్జయినీ చిహ్నం అంటారు. శత్రువుని ఓడించి అతని ముఖం మీద తన పేరు కొట్టించిన రాజు ఆయన. పిల్లలకి నేను ముప్పై ఏళ్లు అదే చెప్పాను.

ఆచారి: ముఖం మీద కొట్టాలని కొట్టాడని ఎవరు చెప్పారు? రాజు చెప్పాడా, సుత్తి పట్టుకున్నవాడు చెప్పాడా?

(సారు ఈ పాఠం చెప్పినప్పుడు నేను మూడో బెంచీలో ఉన్నాను. గౌతమీపుత్రుడి తల్లి బాలశ్రీ, మనవడు పులుమావి ఏలుబడి 19వ ఏట నాసిక్ గుహలో వేయించిన శాసనం గురించి చెప్పారు. అందులో కొడుకుని క్షహరాత వంశాన్ని నిరవశేషం చేసినవాడని ఆ తల్లి పొగిడింది. నిరవశేషం అంటే ఏమీ మిగల్చకుండా అని సారు బోర్డు మీద విడగొట్టి రాసింది కళ్లకు కట్టినట్టు ఉంది. నాణెం బొమ్మ మాత్రం ఆ రోజు మాకు ఎవరూ చూపలేదు. చూపి ఉంటే ఆ మాట పక్కన ఒక ముక్కు మిగిలి ఉండేది.)

సారు: రాజు చెప్పనక్కర లేదు. ముద్ర వేయడమే చెప్పడం. ఆ రోజుల్లో రాజు పేరు ఊరూరికీ మోసుకెళ్లేది నాణెమే. పత్రికలు లేవు, పోస్టర్లు లేవు. నహపానుడి నాణెం మీద గ్రీకు, బ్రాహ్మి, ఖరోష్ఠి, మూడు లిపుల్లో పేరు ఉంటుంది. సంతలో కూరగాయలు కొనేవాడి చేతిలో ఆ పేరు రోజూ తిరుగుతుంటే కొత్త రాజు ఊరుకుంటాడా?

ఆచారి: నాకు వేరే లెక్క కనపడతా ఉంది. ఒక్కో బిళ్ళ బరువెంత?

సారు: రెండు గ్రాముల పైచిలుకు.

ఆచారి పలక ముందుకి లాక్కున్నారు. తొమ్మిది వేల రెండొందల డెబ్బై వేసి రెండుతో గుణించారు.

ఆచారి: పద్దెనిమిదిన్నర కిలోల వెండి. దాన్ని కరిగించి కొత్తగా పోయాలంటే ఎన్ని మూసలు, ఎంత బొగ్గు? వెండి కరగాలంటే ఎర్రగా కాలితే చాలదు, ఇంకా బాగా మండాలి. తరుగు పోతుంది. మళ్లీ బిళ్ళలు కోయాలి, తూకం సరిచేయాలి. అదంతా నహపానుడి పనివాళ్లు ఒకసారి చేసి పెట్టారు. తూకం సరిపోయిన బిళ్ళ, వన్నె తెలిసిన వెండి. కాచి, అచ్చు మీద పెట్టి, పై అచ్చుతో ఒక్క దెబ్బ వేస్తే పని అయిపోతుంది. తెలివైన పనివాడు ఎవడైనా అదే చేస్తాడు. నా తండ్రి కాసులకి అచ్చు కొట్టేటప్పుడు అరిగిన కాసు వస్తే కరిగించేవాడు కాదు. మళ్లీ కొట్టేవాడు.

సారు: అట్టయితే శాతకర్ణి సీసం నాణేలు ఎందుకు అట్టా మీద కొట్టలేదు?

ఆచారి: సీసం ఎందుకు కొడతారు? కుంపట్లో పెడితే కరుగుతుంది. మైనం లాంటిది. దాన్ని పోసుకోవడమే సుఖం.

ఈ ఒక్క జవాబు సారుని కాసేపు ఆపేసింది. మన తెలుగు నేలలో శాతవాహనుల నాణేలు ఎక్కువగా సీసంవీ, మిశ్రలోహంవీ. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో నాణేలు పోసే మట్టి అచ్చులే దొరికాయి. పెద్దబంకూరులో వేల సంఖ్యలో నాణేలు బయటపడ్డాయి. సీసం కరగడానికి 327 డిగ్రీలు చాలు. వెండికి 960 దాటాలి. ఈ తేడా పుస్తకాల్లో ఉంటుంది. కానీ అది చేతిలో ఉన్న మనిషి చెబితేగాని నాకు పడమట వెండి మీద కొట్టడానికీ తూర్పున సీసం పోయడానికీ ఉన్న సంబంధం తట్టలేదు.

సారు: సరే, వెండి ఆదా ఒప్పుకుంటాను. కానీ జోగల్‌తెంబిలో కొట్టని నాణేలు కూడా దొరికాయి. 13,250లో 9,270 తీసేస్తే?

ఆచారి: నాలుగు వేలకి ఇరవై తక్కువ.

సారు: ఆ 3,980 నహపానుడి ముఖంతోనే, కొట్టినవాటితో కలిసే దొరికాయి. అంటే కొట్టకపోయినా చెల్లాయి. చెల్లే డబ్బు మీద మళ్లీ ఎందుకు కొట్టినట్టు? పేరు కోసం కాక?

ఆచారి: 2016 నవంబరులో నోట్ల రద్దప్పుడు మీరు బ్యాంకు ముందు లైన్లో నిలబడ్డారు గదా సారూ. అయిదొందల నోట్లు కొన్ని మార్చుకున్నాం, కొన్ని ఇంట్లో ఉండిపోయాయి. అప్పుడు కుండలో పెట్టి పూడిస్తే కొత్తవీ పాతవీ కలిసే దొరుకుతాయి. పాతవి చెల్లాయని కాదు దాని అర్థం, మార్చుకోవడానికి టైము లేదని.

సారు: ఆ పోలిక నిలవదు. పాత అయిదొందల నోటు గడువు దాటితే కాగితం. నహపానుడి నాణెం గడువు దాటినా వెండే. దాన్ని తూకానికైనా తీసుకుంటారు.

ఆచారి: అది నిజమే.

ఆయన ఆ మాట తేలిగ్గా ఒప్పుకోవడం నాకు నచ్చింది. చేతిలో ఉన్న కొక్కెం మీద వెలిగారం రాస్తూ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే అడిగారు.

ఆచారి: ఆ నాసిక్‌లో డబ్బు దేనికి వాడేవాళ్లు? అది చెప్పండి ముందు.

సారు: నహపానుడి అల్లుడు ఉషవదాతుడు బౌద్ధ భిక్షువులకి గుహ తొలిపించి, 3,000 కార్షాపణాలు దానం చేశాడు. ఊరికే ఇవ్వలేదు. గోవర్ధనంలో నేతగాళ్ల సంఘాల దగ్గర వేశాడు. రెండు వేలు ఒక సంఘంలో నెలకి నూటికి ఒకటి చొప్పున, వెయ్యి ఇంకో సంఘంలో నూటికి ముప్పావు చొప్పున. అసలు కదలదు. ఆ రెండు వేల వడ్డీతో ఇరవై మంది భిక్షువులకి ఏడాదికి ఒక్కొక్కరికి పన్నెండు కార్షాపణాలు చీవరానికి.

ఆచారి: రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ.

సారు: అదే. మన రూపాయి వడ్డీయే.

ఆచారి: రెండు వేలకి రూపాయి వడ్డీ అంటే నెలకి ఇరవై. ఏడాదికి రెండొందల నలభై. ఇరవై మందికి పన్నెండేసి... రెండొందల నలభై. కరెక్టుగా సరిపోయింది సారూ!

పలక మీద ఆ లెక్క చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు వేల ఏళ్ల నాటి నేతగాళ్ల వడ్డీ ఈ కొట్టులో పైసా తేడా లేకుండా తేలింది. నాకు ఒళ్లు జలదరించింది, చెప్పుకోవడానికి మొహమాటం లేదు.

ఆచారి: ఇప్పుడు వినండి. కొత్త రాజు వచ్చి, పాత రాజు డబ్బు చెల్లదు అన్నాడనుకోండి. నేతగాళ్ల దగ్గరున్న అసలు ఏమవుతుంది? వాళ్లు వడ్డీ దేంతో కడతారు? సన్నాసులకి బట్ట ఎవరిస్తారు? అందుకని రద్దు చేయలేదు, ముద్ర వేశాడు. ఈ డబ్బుకి ఇకనుంచి పూచీ నాది అని చెప్పాడు. అది ముఖం మీద కొట్టడం కాదు, ప్రామిసరీ నోటు మీద రెండో సంతకం పెట్టడం లాంటిది.

సారు: మీ వాదానికి ఇంకో సాక్ష్యం నేనే ఇస్తాను. నా వాదానికి దెబ్బే అయినా ఇస్తాను. గౌతమీపుత్రుడు తన 18వ ఏట సేన విడిదిలో ఉండి గోవర్ధనంలోని అమాత్యుడికి ఒక ఆజ్ఞ పంపాడు. అదీ నాసిక్ గుహలో చెక్కి ఉంది. ఇన్నాళ్లూ ఉషవదాతుడు అనుభవించిన రెండు వందల నివర్తనాల పొలాన్ని భిక్షువులకి ఇస్తున్నాను అని. పొలం అదే, దానం పుచ్చుకునే భిక్షువులు ఆ కొండ మీదివాళ్లే. పేరు మారింది.

ఆచారి: చూశారా. పొలం మీదా ముద్రే.

సారు: కానీ ఆ ఆజ్ఞలో ఉషవదాతుడి పేరు చెరపలేదు. ఎవరి పొలమో చెప్పి మరీ ఇచ్చాడు. ఎందుకు? ఎవరి దగ్గర్నించి తీసుకున్నాడో నలుగురికీ తెలియాలని. కింద ముఖం కనపడితేనే పైన కొండకి విలువ. నేను అనేది అదే.

(ఈ మాటలో బలం ఉంది. నేను మొదట్లో ఆచారి గారి వైపు మొగ్గాను. ఇక్కడికి వచ్చేసరికి అటూ ఇటూ అయ్యాను.)

సారు: ఇంకో చోటు సంగతి చెబుతాను. ఇప్పటి ట్యునీషియాలో కార్తేజ్ అనే నగరం ఉండేది. రోముతో మొదటి యుద్ధంలో ఓడింది, క్రీ.పూ. 241లో. తనకోసం పోరాడిన కిరాయి సైనికులకి జీతాలు ఎగ్గొట్టబోయింది. వాళ్లు తిరగబడ్డారు. చుట్టుపక్కల లిబియా రైతులు వాళ్లతో కలిశారు. యుద్ధం రోజుల్లో వాళ్ల పంటలో సగం కార్తేజ్ పన్నుగా గుంజింది మరి. ఆ తిరుగుబాటుదారులు కార్తేజ్ నాణేలనే తీసుకున్నారు, వెండివీ కంచువీ. వాటి మీద తమ ముద్ర కొట్టారు. సింహం బొమ్మ, దాంతో పాటు గ్రీకు అక్షరాల్లో ‘లిబియన్లది’ అని. అడుగున కార్తేజ్ దేవత తనిత్ తల మసకగా కనపడే బిళ్ళలు ఉన్నాయి. వాళ్లకి రాజ్యం లేదు, టంకశాల లేదు. అయినా పేరు కొట్టారు. ఇది ఆదా అంటారా?

ఆచారి: సిపాయిలకి కూలి ఎట్టా ఇచ్చారు?

సారు: ఆ డబ్బుతోనే.

ఆచారి: లోహం యాడి నుంచి తెచ్చారు?

సారు: పాలీబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడు. పన్ను కట్టలేదని మొగుళ్లనీ తండ్రులనీ పట్టుకుపోవడం కళ్లారా చూసిన ఆడవాళ్లు, ఒంటి మీద నగలన్నీ తీసి జీతాలకి ఇచ్చేశారట.

ఆచారి గారి చేతిలో పటకారు ఆగింది. కాసులపేరు వైపు చూశారు, నా వైపు చూశారు. ఈ పక్క పల్లెల్లో కరువు ఏడాది ఎన్ని నగలు తన కొట్టు మెట్లెక్కి దిగాయో ఆయనకి తెలుసు. బోరు వేయించడానికి వచ్చిన గొలుసులు, నీళ్లు పడక తిరిగి రాని గొలుసులు. ఆయన ఆ సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆచారి: అట్టాంటి చోట పేరు కొట్టుకోవడం న్యాయమే సారూ. వాళ్లది వేరు. నగ ఇచ్చినామెకి కూడా ఆ బిళ్ళ మీద ‘మాది’ అని కనపడాలి. అది నేను కాదనను. కానీ మీ శాతకర్ణికి రాజ్యం ఉంది, టంకశాల ఉంది.

సారు: ఆదా కోసమే కొట్టిన నాణేలు లేవని నేనూ అనను. 1804లో ఇంగ్లండు బ్యాంకు స్పెయిన్ వెండి డాలర్లు తెప్పించి, బర్మింగ్‌హామ్‌లో బోల్టన్ యంత్రాల మీద తమ రాజు తల కొట్టించింది. చిల్లరకి వెండి కొరత, అంతే. స్పెయిన్ రాజు మీద గెలుపు చాటడానికి కాదు. వాటిలోనూ అడుగున పాత గీతలు కనపడతాయి.

ఆచారి: మరింకేం. నా మాటే గదా అది.

సారు: ఆగండి. చెల్లుబాటుకే అయితే చిన్న ముద్ర చాలు. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో పదిహేను వందలకి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. అగస్టస్, టైబీరియస్ తలలవి. వాటిలో చాలావాటి మీద మనవాళ్లు చిన్న చిన్న గుర్తులు పొడిచారు. గోరంత లేదు ఒక్కోటి. చక్రవర్తి తల తలలాగే ఉంది. షరాబు సరి చూసుకున్నాడు, గుర్తు వేశాడు, డబ్బు కదిలింది. అంతకంటే ఏం కావాలి? శాతకర్ణి అట్టా చేయలేదు. బిళ్ళంతా నిండేలా రెండు వైపులా రెండు అచ్చులు చెక్కించాడు. తల్లి పేరుతో సహా తన పేరంతా, గౌతమీపుత్రుడైన శ్రీ శాతకర్ణి రాజుది అని. మీరన్న రెండో సంతకానికి ఇంత స్థలం అక్కర్లేదు.

ఈసారి ఆచారి గారు వెంటనే మాట్లాడలేదు. సారు చేతిలోంచి ఫోన్ తీసుకుని బొమ్మని వేళ్లతో సాగదీసి చూశారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి మళ్లీ చూశారు.

సారు: పుదుక్కోట దగ్గర 1898లో దొరికిన 501 రోమన్ బంగారు నాణేలు ఇంకోరకం. దాదాపు అన్నింటికీ తల మీద ఉలితో గంటు పెట్టారు. అది చెల్లనివ్వకుండా చేయడం, లోహంగా వాడుకోవడం. చూడండి, మూడు పనులు. గుర్తు పొడవడం, గంటు పెట్టడం, మీద కొట్టడం. మూడింటికీ మూడు ఉద్దేశాలు ఉండాలి గదా.

ఆచారి: ఉండాలి. కానీ మీరు ఒకటి మర్చిపోతున్నారు. ఈయనకి ఆ ముఖం మీద అంత కోపం ఉంటే, తర్వాతివాళ్లు ఏం చేశారు? వాళ్ల డబ్బు మీద ఏ బొమ్మ?

సారు నవ్వలేదు, తల ఊపారు. మంచి ప్రశ్న అడిగిన పిల్లవాడి వైపు క్లాసులో అట్టాగే చూసేవారు.

సారు: ముఖమే. అక్కడే నా వాదం కుంటుతుంది. వాసిష్ఠీపుత్ర పులుమావి, తర్వాత యజ్ఞశ్రీ, వెండి మీద తమ తలలు వేయించారు. నహపానుడి బిళ్ళ కొలతే, అదే వైపుకి తిరిగిన తలే. ఒక పక్క ప్రాకృతం, రెండో పక్క దక్షిణాది భాష. కొడుకుని ‘మకన్’ అంటుంది ఆ రాత. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉన్న చినగంజాంలో యజ్ఞశ్రీ 27వ ఏటి శాసనం దొరికింది. సముద్రం ఒడ్డుదాకా ఏలిన ఆ రాజు, పడమటి వెండి మీద శత్రువు నేర్పిన పద్ధతిలోనే కనపడతాడు.

ఆచారి: తండ్రి ముఖం మీద కొండ కొట్టాడు. కొడుకు తన ముఖమే పెట్టుకున్నాడు. ఇందులో పగ ఏముంది? జనానికి తల ఉన్న వెండి అలవాటయింది. అలవాటయిన డబ్బునే నమ్ముతారు.

సారు: తల తమదైతేనే పెట్టుకున్నారు గదా. ఇతరుడిదైతే కొట్టారు.

(ఇక్కడ నేను కల్పించుకున్నాను. వీళ్లిద్దరూ రాజు మనసులో ఏముందో వెతుకుతున్నారు గానీ, నాకు దొరికింది వేరే. అడుగున ముఖం మిగిలి ఉండకపోతే నహపానుడి తర్వాతే గౌతమీపుత్రుడు వచ్చాడని ఇంత గట్టిగా చెప్పగలిగేవాళ్లం కాదు. నాణేల మీద తేదీలు లేవు. కింద ఉన్నది ముందుది, పైన ఉన్నది తర్వాతిది. నాణేల వరకు అదే సాక్ష్యం. పూర్తిగా కరిగించి ఉంటే ఆ వరస పోయేది. పనివాడు అచ్చు మీద సరిగా కూర్చోబెట్టక, దెబ్బ బలం చాలక మిగిల్చిన ముక్కే చరిత్రకి ఆధారం అయింది అన్నాను. ఆచారి గారు ఆ మాటకి నొచ్చుకున్నారు.)

ఆచారి: బలం చాలక కాదు అబ్బాయ్. వెండి దెబ్బ తినేకొద్దీ గట్టిపడుతుంది. చల్లగా రెండో దెబ్బ వేస్తే అంచు చీలుతుంది. ఒక్క దెబ్బతో ఎంత పడితే అంత. వాడికి రోజుకి ఎన్ని కొట్టాలో లెక్క ఉండి ఉంటుంది. అయినా బిళ్ళ చీల్చకుండా తొమ్మిది వేలు కొట్టాడు చూడు. అది చేతకానివాడి పని కాదు.

నేను తప్పు ఒప్పుకున్నాను. ఆయన కొక్కెం కుంపటి మీద పెట్టి ఊదారు. అది అతుక్కునేదాకా ఎవరం మాట్లాడలేదు. నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడిచి, కాసులపేరు నా చేతిలో పెట్టారు. తర్వాత పలక మీద వడ్డీ లెక్క చేత్తో తుడిచేశారు. తుడిచినా రెండొందల నలభై లీలగా కనపడుతూనే ఉంది. దాని మీదే నిలువుగా ఒక గీత గీసి రెండు అరలు చేశారు.

ఆచారి: సారూ, మాటలతో తేలదు ఇది. ఒక పని చేద్దాం. పనివాడు ఆదా కోసం కొట్టి ఉంటే బిళ్ళ ఎటు తిరిగి ఉందో చూసుకోడు. చేతికి ఎట్టా వస్తే అట్టా పెట్టి కొడతాడు. అప్పుడు కొండ సగం బిళ్ళల్లో ముఖం మీద పడుతుంది, సగం బిళ్ళల్లో వెనక వైపు పడుతుంది. నహపానుడి వెనక వైపు ఏముంటుంది?

సారు: బాణం, వజ్రాయుధం.

ఆచారి: వాటి మీద పడుతుంది. అట్టా కాకుండా, రాజు ముఖం మీదే కొట్టమని చెప్పి ఉంటే, పనివాడు ప్రతి బిళ్ళా తిప్పి చూసుకుని, ముఖం పైకి పెట్టి కొట్టాలి. దానికి టైము పడుతుంది, అయినా రాజాజ్ఞ గనక చేస్తాడు. అప్పుడు కొండ అన్నిట్లోనూ ముఖం మీదే ఉంటుంది. లెక్కపెడదాం. మీ దగ్గర ఎన్ని ఫొటోలు ఉన్నాయి?

సారు: నలభై దాకా ఉండొచ్చు.

ఆచారి: ఎడమ అర ముఖం, కుడి అర బాణం. ముఖం వైపు నిండితే మీ పాఠం నిజమని ఈ కొట్టులోనే ఒప్పుకుంటా.

మార్కాపురం బస్సు వచ్చి హారన్ కొట్టింది. సారు దాని వైపు చూడలేదు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని మొదటి ఫొటోకి వెళ్లారు. మూడు గుట్టల కొండ, దాని పక్కన ముక్కు.

“ముఖం,” అన్నారు సారు.

ఆచారి గారు ఎడమ అరలో ఒక గీత గీశారు.